పాత వెండి మీద చెక్కిన వంశచిహ్నం ఎవరిదో గుర్తించడం ఎలా?

బ్రిటన్‌లో పాత వస్తువుల సంతల్లో, వేలంపాటల్లో కొన్న వెండి చెంచా మీదో, పళ్లెం మీదో, టీపాట్ మీదో ఒక సింహం తల, కత్తి పట్టిన చెయ్యి, ముడిపడిన పాము వంటి చిన్న బొమ్మ చెక్కి ఉంటుంది. మన దగ్గర చేతులు మారుతూ వచ్చిన దొరల కాలపు వెండి సామాను మీద కూడా ఇటువంటివి కనిపిస్తాయి. ఆ బొమ్మ ఏ కుటుంబానిదో తెలుసుకోవాలన్న కోరిక సహజమే. అయితే బొమ్మను పుస్తకంలో వెతికి, మొదట కనిపించిన ఇంటిపేరునే ఖాయం చేసుకోవడం వల్ల ఎంతో మంచి వెండి తప్పుడు పేర్లతో చలామణి అవుతోంది. ఒకే బొమ్మను ఒకదానితో ఒకటి సంబంధం లేని కుటుంబాలు ఎన్నో వాడుకున్నాయి. బొమ్మ మీ చేతికి ఇచ్చేది ఒక పేర్ల జాబితా మాత్రమే. ఆ జాబితాను కుదించేవి దాని చుట్టూ ఉన్న అక్షరాలు, కిరీటాలు, వెండి ముద్రలు, చెక్కిన తీరు. ఈ వ్యాసం బ్రిటిష్, ఐరిష్ వెండిని ఉద్దేశించి రాసినది.

చెక్కినది ఏమిటో ముందు తేల్చుకోండి

ఒక కుటుంబపు పూర్తి చిహ్నాన్ని కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. అందులో మధ్యన డాలు, డాలు మీద శిరస్త్రాణం, శిరస్త్రాణం మీద మెలితిప్పిన బట్ట చుట్ట, ఆ చుట్ట మీద నిలబడిన ఒక బొమ్మ, సాధారణంగా ఒక పట్టీ మీద రాసిన ధ్యేయవాక్యం ఉంటాయి. అన్నిటికంటే పైన నిలబడిన ఆ బొమ్మ ఒక్కటే క్రెస్ట్. చెంచా కాడ మీద, ఫోర్కు మీద పూర్తి చిహ్నం పట్టదు కనుక అక్కడ క్రెస్ట్ ఒక్కటే చెక్కించేవారు. బొమ్మ కింద తాడు మెలికల్లాంటి పొట్టి అడ్డపట్టీ కనిపిస్తే అదే ఆ బట్ట చుట్ట. నియమం ప్రకారం దానికి ఆరు మెలికలు ఉంటాయి.

డాలు కూడా చెక్కి ఉంటే మీ పని చాలా సులువవుతుంది, ఎందుకంటే డాలు మీది అమరిక క్రెస్ట్ కంటే ఎంతో నిర్దిష్టంగా ఉంటుంది. అందువల్ల ఒకే సెట్టుకు చెందిన వస్తువులు చాలా ఉంటే చెంచాలను పక్కన పెట్టి, పెద్ద పళ్లెం లేదా ట్రే మీద ఏముందో ముందు చూడండి. డాలు నిలువునా రెండు భాగాలుగా ఉంటే, చూసేవారికి ఎడమవైపు ఉన్నది భర్త చిహ్నం, కుడివైపు ఉన్నది భార్య పుట్టింటి చిహ్నం. అంటే మీరు వెతకవలసింది ఒక కుటుంబాన్ని కాదు, ఒక పెళ్లిని. రెండు కుటుంబాలూ కలిసిన పెళ్లి సాధారణంగా ఒకటే దొరుకుతుంది కనుక ఇంతకంటే గట్టి ఆధారం మరొకటి లేదు. డాలుకు బదులు నిలబెట్టిన డైమండ్ ఆకారం ఉంటే ఆ వస్తువు అవివాహితదో, వితంతువుదో. వారి చిహ్నంలో క్రెస్ట్ ఉండదు.

బొమ్మ లేకుండా అక్షరాలే ఉంటే అది వేరే దారి. ముఖ్యంగా పద్దెనిమిదో శతాబ్దపు తొలి భాగపు వెండి మీద మూడు అక్షరాలు త్రికోణంగా కనిపిస్తాయి. పైనున్నది ఇంటిపేరు మొదటి అక్షరం, కింద ఎడమన భర్త పేరుది, కుడిన భార్య పేరుది.

కుటుంబానికి సంబంధం లేని చిహ్నాలు కూడా ఉంటాయని మరిచిపోకండి. సైనిక పటాలాలు, క్లబ్బులు, హోటళ్లు, ఓడల కంపెనీలు, కాలేజీలు కూడా తమ గుర్తులను వెండి మీద చెక్కించాయి. అంకె, సంస్థ పేరు, లంగరు వంటివి కలిసి ఉంటే కుటుంబాల జాబితాలోకి తొందరపడి వెళ్లవద్దు.

చెక్కడం చదివేందుకు వీలుగా చేసుకోండి

గుర్తించడం పూర్తయ్యే వరకు పాలిష్ చేయకండి. గీతల్లో నిలిచిన నలుపే బొమ్మను స్పష్టంగా చూపిస్తుంది. దాన్ని రుద్ది తీసేస్తే ఆనవాలు పోవడమే కాదు, పాలిష్ చేసిన ప్రతిసారీ కొద్దిగా వెండి కూడా పోతుంది. గోరువెచ్చని నీటిలో ఒక చుక్క తేలికపాటి సబ్బు వేసి కడిగి, మెత్తని గుడ్డతో అద్దితే చాలు.

కిటికీ పక్కన కూర్చుని, వెలుతురు పక్కనుంచి వాలుగా పడేలా వస్తువును నెమ్మదిగా తిప్పుతూ, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. ఎదురుగా పడే వెలుగులో వెండి అద్దంలా మెరిసి గీతలను మింగేస్తుంది. చెక్కడం అరిగిపోయి ఉంటే, పలుచని కాగితం దాని మీద పరిచి మెత్తని పెన్సిల్‌తో తేలికగా రుద్దితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. ఫొటో కోసమైతే చిటికెడు టాల్కమ్ పౌడరు అద్ది, పైపైన తుడిస్తే గీతల్లో తెల్లగా నిలుస్తుంది.

ఈ దశలోనే మరొక పరీక్ష చేయండి. చెక్కిన చోట నోటితో ఆవిరి ఊదితే, చెరిపేసిన పాత చెక్కడం ఏదైనా ఉంటే కొన్ని క్షణాల పాటు నీడలా కనిపించవచ్చు. బొటనవేలితో ఒత్తి చూస్తే అక్కడి రేకు మిగతా చోటి కంటే పలుచగా, కొద్దిగా లొంగుతున్నట్టు అనిపిస్తే, ఒకప్పటి చిహ్నాన్ని తీసేసి మరొకటి చెక్కించి ఉంటారు. పాత పళ్లేల అడుగున గీతలతో రాసిన బరువు కూడా ఇందుకు పనికొస్తుంది. అది ట్రాయ్ ఔన్సుల్లో, పెన్నీవెయిట్లలో ఉంటుంది. ఒక ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, ఔన్సుకు 20 పెన్నీవెయిట్లు. ఈనాటి తూకం ఆ అంకె కంటే కొద్దిగా తగ్గితే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల. తేడా ఎక్కువగా ఉంటే మాత్రం ఏదో తీసేశారనుకోవాలి.

రాగి మీద వెండి రేకు అతికించిన షెఫీల్డ్ ప్లేట్ అయితే ఆవిరి ఊదినప్పుడు చిహ్నం చుట్టూ వేరే రంగులో ఒక గుండ్రటి అంచు కనిపించవచ్చు. లోతుగా చెక్కితే కింది రాగి బయటపడుతుంది కనుక, చెక్కవలసిన చోట ముందుగానే దళసరి వెండి ముక్కను పొదిగేవారు. ఇది మోసం కాదు, ఆ పనితనంలో భాగమే.

చెంచాను తిరగేసి చూడటం కూడా మరిచిపోకండి. పద్దెనిమిదో శతాబ్దం తొలి భాగంలో చెంచాలను, ఫోర్కులను బోర్లా పెట్టి బల్ల సర్దేవారు, అందుకే క్రెస్ట్‌ను కాడ వెనుకవైపు చెక్కేవారు. సుమారు 1760 తర్వాత ఓల్డ్ ఇంగ్లిష్ అనే చెంచా నమూనా వ్యాపించి, చెంచాను వెల్లకిలా పెట్టే అలవాటు రావడంతో చెక్కడం ముందువైపుకు మారింది. దానికి ముందటి నమూనా అయిన హనోవేరియన్ చెంచాకు ముందువైపున క్రెస్ట్ ఉంటే, అది తర్వాతి తరం చెక్కించినదా అన్న ప్రశ్న వేసుకోవాలి.

వెండి ముద్రలతో కాలాన్ని పట్టుకోండి

ఇంగ్లండ్‌లో నడుస్తున్న సింహం ముద్ర ఆ వెండి 92.5 శాతం స్వచ్ఛమైనదని చెబుతుంది. వెండిని ఏ ఊళ్లో పరీక్షించారో మరో ముద్ర చెబుతుంది. చిరుతపులి తల లండన్‌ది, 1821 వరకు దానికి కిరీటం ఉండేది. లంగరు బర్మింగ్‌హామ్‌ది, కిరీటం 1974 వరకు షెఫీల్డ్‌ది. ఈ రెండు పరీక్షా కార్యాలయాలూ 1773లో మొదలయ్యాయి. కోట ఎడిన్‌బరోది, కిరీటం పెట్టిన హార్ప్ డబ్లిన్‌ది. వీటి పక్కన ఏడాదిని తెలిపే అక్షరం ఉంటుంది. 1974 వరకు లండన్‌లో ఒక ఆవృత్తికి 20 అక్షరాలు ఉండేవి, ప్రతి ఆవృత్తికీ అక్షరపు రూపం, దాని చుట్టూ ఉన్న చట్రం మారతాయి కనుక అక్షరంతో పాటు చట్రం ఆకారాన్ని కూడా పట్టికతో పోల్చాలి. రాజు లేదా రాణి తల ముద్ర ఉంటే అది సుంకం చెల్లించిన గుర్తు, 1784 నుంచి 1890 వరకు వేశారు.

హాల్‌మార్క్ అనే ఈ ముద్రలు చెప్పేది వస్తువు తయారైన ఏడాది. చెక్కడం జరిగిన ఏడాది కాదు. తాత కొన్న పళ్లెం మీద మనవడు తన చిహ్నం చెక్కించుకోవడం మామూలే. అందుకే చెక్కడపు శైలిని విడిగా చూడాలి. డాలు చుట్టూ ఇరువైపులా సమానంగా ఉన్న బరువైన అలంకారం 1740కి ముందు కాలానిది. ఒకవైపుకు వాలిన గవ్వలు, పూలు, ఎగసే అంచులు 1740 నుంచి 1770 ప్రాంతపు రొకోకో శైలి. ఆ తర్వాత శతాబ్దం చివరి వరకు సన్నని తోరణాలు, ముక్కలుగా కోసినట్టు మెరిసే గీతలు వచ్చాయి. ఒంటరి క్రెస్ట్‌లో ఇంత సమాచారం ఉండదు, కానీ అరుగుదల కనిపిస్తుంది: కాడ అంతా నునుపుగా అరిగి, చెక్కడం ఒక్కటే అంచులు పదునుగా ఉంటే అది తర్వాత చేర్చినదే.

బొమ్మను మాటల్లో పెట్టండి

పుస్తకాల్లో వెతకాలంటే బొమ్మను ఆ పుస్తకాల పద్ధతిలో వర్ణించగలగాలి. సింహం అని రాసుకుంటే సరిపోదు. వెనుక కాలి మీద లేచి పంజా విసిరితే రాంపెంట్, ముందరి కాలు ఒకటి ఎత్తి నడిస్తే పాసెంట్, నాలుగు కాళ్ల మీద నిలబడితే స్టాటంట్, కూర్చుంటే సెజెంట్, పడుకుంటే కూషంట్. మొహం మనవైపు తిప్పితే గార్డెంట్, వెనక్కి చూస్తే రిగార్డెంట్. నడుము పైభాగం మాత్రమే ఉంటే డెమి. తల ఒక్కటే ఉంటే మెడ అంచును భూతద్దంతో చూడండి: చీల్చినట్టు మూడు నాలుగు కొనలుగా ఉంటే ఇరేజ్డ్, కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే కూప్డ్. ఈ చిన్న తేడాతోనే రెండు వేర్వేరు కుటుంబాలు విడిపోతాయి, అరిగిన వెండి మీద ముందుగా చెరిగిపోయేదీ ఇదే.

కల్పిత జంతువుల విషయంలో కాళ్లు లెక్కపెట్టండి. నాలుగు కాళ్లుంటే డ్రాగన్, రెండే ఉంటే వైవర్న్. గద్ద తల, రెక్కలతో సింహం శరీరం ఉంటే గ్రిఫిన్. నోటిలో, పంజాలో, మెడలో ఏముందో వదలకుండా రాసుకోండి. గులాబీ, ఈటె ముక్క, ఉంగరం, మెడకు చుట్టిన కిరీటం వంటివి పదుల పేర్లను రెండు మూడుకు తగ్గించగలవు. సాధారణంగా జంతువు చూసేవారి ఎడమవైపుకు తిరిగి ఉంటుంది.

డాలు ఉంటే గీతల దిశ రంగులను చెబుతుంది. చుక్కలు బంగారం, ఖాళీ వెండి, అడ్డగీతలు నీలం, నిలువు గీతలు ఎరుపు, చూసేవారి ఎడమ పైనుంచి కుడి కిందికి వాలిన గీతలు ఆకుపచ్చ, అడ్డం నిలువు కలిసిన గళ్లు నలుపు. ఈ పద్ధతిని జెసూట్ పండితుడు పెట్రా సాంక్టా 1638లో ప్రచారంలోకి తెచ్చాడు. క్రెస్ట్ మీది గీతలను మాత్రం రంగులుగా చదవకండి. అవి చాలావరకు జంతువు ఒంటికి నీడ కోసం గీసినవే.

కిరీటాలు, చిన్న గుర్తులు

ఇక్కడే ఎక్కువమంది తప్పుదోవ పడతారు. మూడు ఆకులు కనిపించే కిరీటంలోంచి బొమ్మ పైకి లేస్తుంటే, పాత పుస్తకాలు దాన్ని డ్యూకల్ కొరొనెట్ అని పిలిచినా, దానికి డ్యూకు హోదాతో సంబంధం లేదు. అది క్రెస్ట్‌లో ఒక భాగం మాత్రమే, ఏ బిరుదూ లేని కుటుంబాలు కూడా వాడాయి. బ్రిటిష్ ప్రభువుల హోదాను తెలిపే కిరీటం బొమ్మకు విడిగా, ఎక్కువగా దాని పైన ఉంటుంది. అందులో అయిదు ఆకులు కనిపిస్తే డ్యూకు. మూడు ఆకుల మధ్య రెండు గోళీలుంటే మార్క్వెస్. పొడుగు కొనల మీద అయిదు గోళీలు, మధ్యలో ఆకులుంటే ఎర్ల్. అంచు మీద తొమ్మిది లేదా ఏడు గోళీలు వరుసగా ఉంటే వైకౌంట్. నాలుగే పెద్ద గోళీలుంటే బారన్. బారన్ కంటే కింది బిరుదైన బారొనెట్‌కు కిరీటం ఉండదు, డాలులో ఒక చిన్న అరచేతి గుర్తు ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ చెంచా మీద ముడిపడిన పాము ఉందనుకోండి. అది కావెండిష్ వంశపు క్రెస్ట్, వారి ధ్యేయవాక్యం ‘కవెండో టూటస్’. పైన అయిదు ఆకుల కిరీటం ఉంటే డెవన్‌షైర్ డ్యూకులను తలచుకోవచ్చు. ఆ డ్యూకు హోదా 1694లో వచ్చింది. అదే పాము మీద నాలుగు గోళీల కిరీటం ఉంటే వంశంలోని మరో శాఖ అయిన చెషమ్ బారన్లను చూడాలి. ఆ బారన్ హోదా 1858లో పుట్టింది కనుక, చెంచా మీది ఏడాది అక్షరం 1790ల నాటిదైనా చెక్కడం మాత్రం 1858 తర్వాతిదే అవుతుంది. కిరీటమే లేకపోతే వంశంలోని బిరుదు లేని ఎవరిదైనా కావచ్చు. ధ్యేయవాక్యం కూడా లేకుండా ఒంటి పాము మిగిలితే కావెండిష్ అన్న పేరు కూడా ఒక అవకాశం మాత్రమే. ఒకే పాముకు ఇన్ని జవాబులు ఉన్నాయి. వాటిని వేరు చేసేవి గోరంత కిరీటం, ధ్యేయవాక్యం రాసిన ఒక పట్టీ.

బొమ్మ మీద లేదా పక్కన అసంబద్ధంగా ఒక చిన్న గుర్తు కనిపిస్తే అది కొడుకుల క్రమాన్ని తెలిపేది కావచ్చు. ఇంగ్లండ్ పద్ధతిలో నెలవంక రెండో కొడుకుది, నక్షత్రం మూడో కొడుకుది, కాళ్లు లేని చిన్న పక్షి నాలుగో కొడుకుది, ఉంగరం అయిదో కొడుకుది.

బొమ్మ చుట్టూ బకిల్ ఉన్న బెల్టు, దాని మీద ధ్యేయవాక్యం ఉంటే స్కాట్లండ్ తెగల సభ్యులు ధరించే గుర్తు గుర్తుకొస్తుంది. కానీ విక్టోరియా కాలంలో ఇంగ్లిష్ కుటుంబాలు కూడా ఆ బెల్టును అలంకారంగా చెక్కించుకున్నాయి కనుక దాన్నిబట్టే స్కాటిష్ అని తేల్చకండి. ధ్యేయవాక్యం బొమ్మకు పైన ఉండటం మాత్రం స్కాట్లండ్ వైపు మొగ్గు చూపుతుంది.

పుస్తకాల్లో వెతికే క్రమం

ధ్యేయవాక్యం ఉంటే దానితోనే మొదలుపెట్టండి. 1860లో వచ్చిన ఎల్విన్ ధ్యేయవాక్యాల సంకలనం అక్షరక్రమంలో ఉంటుంది, ప్రతి వాక్యం పక్కన దాన్ని వాడిన కుటుంబాల పేర్లు ఉంటాయి. తర్వాత ఫెయిర్‌బెయిర్న్ క్రెస్టుల గ్రంథాన్ని తెరవండి. 1905 నాటి నాలుగో ముద్రణ అందరూ వాడేది. అందులో బొమ్మల పుటల్లో మీ బొమ్మకు దగ్గరగా ఉన్న చిత్రాన్ని గుర్తించి, దాని సంఖ్యతో పేర్ల జాబితాకు వెళ్లి, అక్కడి ప్రతి పేరును ఇంటిపేర్ల భాగంలో తెరిచి వర్ణనను మాటమాటా పోల్చండి. చిత్రాన్ని బట్టి తేల్చకండి. ఒకే చిత్రాన్ని కొద్దిపాటి తేడాలున్న అనేక కుటుంబాలకు కలిపి వాడారు. తీర్పు చెప్పేది వర్ణనే.

డాలు ఉంటే 1874 నాటి ప్యాప్‌వర్త్ గ్రంథంలో డాలు మీది ముఖ్యమైన గుర్తును పట్టుకుని పేరుకు చేరవచ్చు. ఆ పేరును 1884 నాటి బర్క్ జనరల్ ఆర్మరీలో సరిచూడవచ్చు. ఈ పాత ముద్రణలన్నీ కాపీహక్కుల గడువు దాటినవే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఈ పుస్తకాల్లో పేరు ఉన్నంత మాత్రాన ఆ ఇంటిపేరున్న అందరికీ ఆ చిహ్నం చెందదు. చిహ్నాన్ని ఇచ్చేది ఒక వ్యక్తికి, అతని వంశక్రమానికి. ఇంగ్లండ్‌లో ఆ అధికారం 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌ది, స్కాట్లండ్‌లో లార్డ్ లయన్ కోర్టుది. స్కాట్లండ్ రిజిస్టరు 1672లో మొదలైంది. అయితే వాస్తవంలో హక్కు లేనివారు కూడా చిహ్నాలను వాడారు. బ్రిటన్‌లో 1798 నుంచి 1944 వరకు చిహ్నాల వాడకం మీద పన్ను ఉండేది; హక్కు ఉన్నా లేకపోయినా వాడినవారు పన్ను కడితే సరిపోయేది. కాబట్టి మీ చెంచా యజమాని ఏ రిజిస్టరులోనూ కనిపించకపోవచ్చు.

రెండు మూడు పేర్లు మిగిలాక ఆ కుటుంబాల పెళ్లిళ్లు, బిరుదుల తేదీలు, వీలునామాలు చూడండి. 1858కి ముందు కాంటర్‌బరీ ప్రెరోగటివ్ కోర్టు అనే చర్చి కోర్టులో నమోదైన వీలునామాలు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వెండి సామాను ఎవరికి వెళ్లిందో వాటిలో తరచూ రాసి ఉంటుంది.

మద్రాసు, కలకత్తా వెండి విషయం

మన ప్రాంతాల్లో దొరికే వెండిలో కొంత మద్రాసులోని పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలోని హామిల్టన్ అండ్ కంపెనీ వంటి సంస్థలది. వీటికి ఇంగ్లండ్ పరీక్షా కార్యాలయపు ముద్రలు, ఏడాది అక్షరం ఉండవు. తయారీదారు అక్షరాలు, కొన్నిటి మీద ఏనుగు వంటి సొంత గుర్తులు ఉంటాయి. అందువల్ల కాలాన్ని సంస్థ పేరు, నమూనా, చెక్కడపు శైలి బట్టి అంచనా వేయాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన అధికారుల జాబితాలు ఇక్కడ బాగా ఉపయోగపడతాయి.

కానీ జాగ్రత్త అవసరం. మద్రాసు వెండి మీద గద్ద కనిపించగానే, 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల కలెక్టరుగా ఉండి, తర్వాత గవర్నరై, 1827లో పత్తికొండలో మరణించిన థామస్ మన్రో పేరు చెప్పడం అమ్మేవారికి లాభసాటి. మన్రో తెగ క్రెస్ట్ గద్దే, వారి ధ్యేయవాక్యం ‘డ్రెడ్ గాడ్’. అయినా గద్దను క్రెస్ట్‌గా పెట్టుకున్న కుటుంబాలు లెక్కలేనన్ని. ధ్యేయవాక్యం, కాలం, కొనుగోలు పత్రాలు మూడూ కలవనిదే ఆ పేరుకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

వస్తువు భారతదేశంలో ఉండి, నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువయితే, 1972 నాటి పురావస్తువుల చట్టం దాన్ని దేశం బయటికి పంపడాన్ని నియంత్రిస్తుంది. అభిప్రాయం కోసం చెంచాను లండన్‌కు పంపవద్దు. మంచి ఫొటోలు, పెన్సిల్ ముద్ర, కొలతలు పంపితే సరిపోతుంది. కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లో విచారణలు స్వీకరిస్తారు, లోతైన పరిశోధనకు రుసుము ఉంటుంది. ఐరిష్ చిహ్నాలకు డబ్లిన్‌లోని చీఫ్ హెరాల్డ్ కార్యాలయాన్ని సంప్రదించాలి.

చివరిగా ఒక కాగితం మీద వస్తువు ముద్రలు, తూకం, క్రెస్ట్ వర్ణన, చూసిన పుస్తకాల పుటల సంఖ్యలు, మిగిలిన పేర్లు, ప్రతి పేరును ఎందుకు ఉంచారో, ఎందుకు తీసేశారో రాసి తేదీ వేయండి. ఒకే పేరు మిగిలి, కాలమూ ధ్యేయవాక్యమూ కలిస్తే ఆ కుటుంబం పేరు రాయండి. కాలం మాత్రమే కలిస్తే “బహుశా” అని చేర్చండి. అంతకంటే తక్కువైతే వర్ణనతో ఆపి, పేరు గడిని ఖాళీగా ఉంచండి. ఆ కాగితాన్ని వెండికి తగలకుండా వేరే కవరులో పెట్టి, వస్తువుతో పాటే భద్రపరచండి.